గుమ్మడికాయలో చామంతులు: థాంక్స్‌గివింగ్ బల్లకు పూల అమరిక

మా ఇంట్లో మొదటిసారి అమెరికా వాళ్ల కృతజ్ఞతా పండుగ థాంక్స్‌గివింగ్ భోజనం పెట్టిన ఏడు బల్ల నడిమధ్య రెండడుగుల గాజు కూజా పెట్టి, దాని నిండా లిల్లీలు సర్దాను. పన్నెండు మంది అతిథులు. ఇటు కూర్చున్న వాళ్లకు అటు కూర్చున్న వాళ్ల ముఖాలు కనబడవు. ఎవరినైనా పలకరించాలంటే కూజాకు కుడిపక్కనో ఎడమపక్కనో తల వంచి తొంగిచూడాలి. వడ్డన మొదలయ్యేలోపే ఎవరో దాన్ని మెల్లగా ఎత్తి, గుమ్మం దగ్గర చెప్పుల అర పక్కన నేలమీద పెట్టారు. భోజనాలు అయ్యేదాకా అది అక్కడే ఉంది. ఎవరు తీశారని నేను అడగలేదు, ఎందుకు తీశామని వాళ్లూ చెప్పలేదు.

ఆ తర్వాత న్యూజెర్సీలో చాలా నవంబరు నెలలు గడిచాయి. ఇప్పుడు నేను చేసే అమరిక గుమ్మడికాయతో కలిపి జానెడు మీద బెత్తెడు ఎత్తు దాటదు. ఒక గుమ్మడికాయ, చామంతులు, ముందే ఎండబెట్టి దాచిన గునుగు, పెరట్లో ఏరిన నాలుగు ఆకులు. చేయితిరిగిన వాళ్లే చేయాలన్న పని కాదు. పువ్వులకు నీళ్లు తాగే సమయం ఇవ్వడమే ఇందులో అసలు పని. ఆ ఒక్కటి సరిగా చేస్తే మిగతా తప్పులు ఎవరి కంటా పడవు.

పండుగ అమెరికాలో నవంబరు నాలుగో గురువారం వస్తుంది. 1941లో ఇక్కడి చట్టసభ కాంగ్రెస్ చట్టం చేసి ఈ రోజును ఖాయం చేసింది. తేదీ ఎందుకు చెబుతున్నానంటే పువ్వుల ఎంపిక అంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. కెనడాలో ఇదే పండుగ అక్టోబరు రెండో సోమవారం. అప్పటికి చాలా తోటల్లో డేలియాలు, బంతులు ఇంకా నిలిచే ఉంటాయి. మా దగ్గర నవంబరు చివరికి రాత్రి మంచుకు బంతి నల్లబడిపోతుంది, డేలియా కుంగిపోతుంది. కాస్త మంచుకు తట్టుకుని నిలబడేది చామంతి ఒక్కటే. అందుకే ఈ అమరికకు పెద్ద దిక్కు చామంతి.

సెప్టెంబరు, అక్టోబరు: గునుగు దాచుకోండి

ఈ పని రెండు నెలల ముందుది. ఈ ఏటికి సమయం మించిపోయి ఉంటే ఈ భాగం చదివి వచ్చే ఏడుకు గుర్తు పెట్టుకోండి.

గునుగును ఇక్కడి వాళ్లు సెలోసియా అంటారు. వేసవి చివరినుంచి రైతుబజార్లలో కట్టలు కట్టి అమ్ముతారు. కోడిజుట్టులా మడతలు పడి ఉండే సీతజడ రకం కూడా దొరుకుతుంది. బతుకమ్మ కోసం పెరట్లో గునుగు విత్తనాలు చల్లుకునే తెలుగు ఇళ్లు ఇక్కడ తక్కువేమీ లేవు. పండుగకు కోసినప్పుడే పది పదిహేను కాడలు ఎక్కువగా కోసి పక్కన పెట్టండి. ఆకులన్నీ తీసేసి, ఐదారు కాడలను రబ్బరు బ్యాండుతో కట్టి, చీకటిగా, గాలి ఆడేచోట తలకిందులుగా వేలాడదీయండి. దారంతో కడితే కాడలు ఎండి సన్నబడగానే జారిపోతాయి. రబ్బరు బ్యాండు వాటితోపాటే బిగుసుకుంటుంది. మాకు బట్టల అలమరలో కోటు తగిలించే కొక్కెం సరిపోయింది. రెండు మూడు వారాల్లో ఎండుతుంది. ఎండ తగలకపోతే గులాబి రంగు, ముదురు ఎరుపు చాలావరకు అలాగే నిలుస్తాయి. కింద ఒక పాత కాగితం పరచండి, నల్లటి సన్న విత్తనాలు రాలుతాయి. వచ్చే ఏటికి అవే విత్తనం.

ఇంత కష్టం ఎందుకు, బతుకమ్మనే పేర్చి బల్ల మీద పెట్టేస్తే పోలేదా అని ఒకసారి మా అమ్మాయి అడిగింది. గౌరమ్మను పెట్టి ఆడే పువ్వుల్ని ఎంగిలి పళ్లేల మధ్య ఎలా పెడతామమ్మా అన్నాను. మొదటి రోజు పేరే ఎంగిలిపూల బతుకమ్మ కదా అని వాదించింది. దానికి నా దగ్గర జవాబు లేదు గాని, బల్ల మీద మాత్రం పెట్టలేదు. పేర్చే పద్ధతిలోంచి మాత్రం ఒక కిటుకు తెచ్చుకున్నాను. అదేమిటో బుధవారం పని దగ్గర చెబుతాను.

పండుగ ముందు ఆదివారం: కొలత, ఆకులు

ముందు కుర్చీలో కూర్చోండి. మోచేయి బల్ల మీద ఆనించి, పిడికిలి మీద గడ్డం పెట్టుకోండి. మీ గడ్డం ఎక్కడుందో అమరిక పైఅంచు అంతకంటే కిందే ఉండాలి. చాలామందికి ఇది ముప్పై సెంటీమీటర్ల దగ్గర తేలుతుంది. టేపు వెతుక్కోనక్కరలేదు, ఎవరి మోచేయి వాళ్లకు కొలబద్ద.

తర్వాత వెడల్పు. మా బల్ల అడ్డంగా మీటరు ఉంటుంది. రెండువైపులా పళ్లెం, గ్లాసు కలిపి చెరొక ముప్పై అయిదు సెంటీమీటర్లు తీసుకుంటాయి. మధ్యలో మిగిలేది ముప్పై. వంటకాలు కూడా బల్ల మీదే పెట్టి అందరూ వడ్డించుకునే అలవాటు మీదైతే ఆ ముప్పైలోనే టర్కీ కోడి పళ్లెమూ, పులిహోర గిన్నే చోటు అడుగుతాయి. అలాంటప్పుడు ఒక పెద్ద గుమ్మడికాయ బదులు మూడు చిన్నవి వరుసగా, మధ్యలో గిన్నెలు పట్టేంత ఖాళీ వదిలి పెట్టండి. వంటకాలు పక్క బల్ల మీద పెట్టేవాళ్లు ఒక్క పెద్దదానితో సరిపెట్టుకోవచ్చు.

ఇక ఆకులు. మేపుల్ ఆకు చెట్టు కింద ఎంత అందంగా ఉన్నా, హీటరు నడిచే ఇంట్లో తెల్లారేసరికి అప్పడంలా ముడుచుకుంటుంది. ఏరగానే తడి తుడిచి, రెండు మైనపు కాగితాల మధ్య పెట్టి, పైన ఒక గుడ్డ వేసి, ఆవిరి లేకుండా సన్న వేడి మీద ఇస్త్రీ చేయండి. మైనం ఆకుకు అంటుకుని రంగును, ఆకారాన్ని కొన్ని రోజులు నిలబెడుతుంది. ఓక్ ఆకుకు ఇంత సేవ అక్కరలేదు, తోలులా మందంగా ఉండి తనంతట తానే నిలుస్తుంది. పైన్ కాయలు ఏరితే నేరుగా బల్ల మీదికి తేవద్దు. ఓవెన్‌లో 200 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర అరగంట ఉంచితే పురుగులు చస్తాయి, జిగురు కరుగుతుంది. అడుగున రేకు కాగితం పరచండి, పక్కనే ఉండి చూసుకోండి.

ఆకులు ఏరడంలో ఒక ప్రమాదం ఉంది. శరదృతువులో అన్నింటికంటే ఎర్రగా, నిగనిగలాడుతూ పిలిచే ఆకుల్లో పాయిజన్ ఐవీ ఒకటి. మూడేసి ఆకులు ఒక్క కాడకు ఉంటాయి, మధ్య ఆకు కాడ కాస్త పొడుగు. చెట్లను పట్టుకుని పాకే తీగ, ముదిరితే దానికి నూగులాంటి వేళ్లు కనబడతాయి. తెల్లటి చిన్న కాయలు కాస్తుంది. దానిలోని నూనె చర్మానికి తగిలితే బొబ్బలెక్కి దురద పెడుతుంది, ఎండిన ఆకులోనూ ఆ గుణం పోదు. ఒక ఏడు మా ఆయన మురిపెంగా ఆ ఎర్రటి తీగను గుత్తులు గుత్తులుగా కోసుకొచ్చి, పండుగంతా చేతులు గోక్కుంటూ కూర్చున్నారు. మూడు ఆకులు కలిసి ఉంటే ముట్టుకోవద్దు, అంతే.

ఇంకొకటి బిట్టర్‌స్వీట్ తీగ. పసుపు తొక్క విచ్చుకుని లోపల నారింజ ఎరుపు కాయలు కనబడతాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, కానీ ఆ కాయలు తినకూడనివి. ఆసియానుంచి వచ్చిన రకమైతే ఇక్కడి అడవుల్లో చెట్లను చుట్టి చంపేస్తోంది. పండుగయ్యాక దాన్ని పెరట్లో పారేస్తే వచ్చే ఏటికి మీ కంచె మీద ఉంటుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో ఎర్ర కాయలేవీ బల్ల మీద వద్దు అన్నది నా పట్టు.

సోమవారం, మంగళవారం: పువ్వులు కొనడం

పండుగ ముందురోజు దుకాణానికి వెళితే బకెట్లలో నలిగినవే మిగులుతాయి. సోమవారమో మంగళవారమో వెళ్లండి. జానెడు వెడల్పున్న గుమ్మడికాయ ఒకటికి నేను కొనేవి ఇవి: అరచేతి వెడల్పున్న పెద్ద చామంతులు అయిదు, గుత్తి చామంతులు ఆరు కాడలు, గుత్తులుగా పూసే మచ్చల రేకుల ఆల్‌స్ట్రోమేరియా నాలుగు కాడలు, నీలగిరి ఆకు ఒక కట్ట. గులాబీలు ఇష్టమైతే మూడు చేర్చుకోండి, లేకపోయినా లోటు లేదు.

చామంతి తాజాదో కాదో నడుమ చూస్తే తెలుస్తుంది. మధ్యలో రేకులు ఇంకా ముడుచుకుని లేత ఆకుపచ్చగా ఉంటే వారం పైన నిలుస్తుంది. పువ్వు వెనక్కి తిప్పి అడుగు రేకులు చూడండి, అవి మెత్తబడి గోధుమరంగుకు తిరిగితే వదిలేయండి. ఆకులు వాడి పువ్వు బాగుంటే భయపడనక్కరలేదు. చామంతికి పువ్వు కంటే ముందే ఆకులు వాడిపోతాయి, వాటిని ఎలాగూ తీసేస్తాం.

రంగుల దగ్గర చాలామంది ఒకే పొరపాటు చేస్తారు. శరదృతువు అనగానే నారింజ గుమ్మడికాయలో నారింజ చామంతులు, వాటి పక్కన నారింజ ఆకులు. అన్నీ కలిసి ఒక ముద్దలా కనబడతాయి, ఏ పువ్వూ విడిగా కంటికి ఆనదు. నారింజ కాయ అయితే వంకాయరంగు, ముదురు ఎరుపు, మీగడ తెలుపు పువ్వులు పెట్టండి. తెల్ల గుమ్మడికాయ దొరికితే ఏ రంగైనా నప్పుతుంది. ఎందులోనైనా మసకగా ఉండేది ఏదో ఒకటి ఉండాలి. నీలగిరి ఆకు బూడిద పచ్చదనం ఆ పని చేస్తుంది.

లిల్లీలు మాత్రం వద్దు. మన దగ్గర లిల్లీపూలంటే నేలసంపెంగలు, ఇవి వేరు, పెద్ద పెద్ద రేకుల విదేశీ లిల్లీలు. రెండింటికీ ఇదే మాట. ఆ వాసన ముందు టర్కీ వాసనా నిలవదు, సాంబారు వాసనా నిలవదు. విదేశీ లిల్లీ పుప్పొడి తెల్లటి బల్లగుడ్డ మీద పడితే మరక పోదు. పిల్లిని పెంచేవాళ్లయితే దాన్ని గుమ్మం లోపలికే రానివ్వకండి, పిల్లి మూత్రపిండాలకు అది ప్రాణాంతకం.

మంగళవారం రాత్రి: నీళ్లు

ఇదే అసలు ఘట్టం, ఇదే అందరూ దాటేసే ఘట్టం.

బకెట్‌ను సబ్బుతో తోమి కడగండి. పాత బకెట్ గోడలకు అంటుకున్న సూక్ష్మజీవులు కొత్త కాడల్లోకి చేరి నీటి దారిని మూసేస్తాయి. లీటరు గోరువెచ్చని నీళ్లలో చిన్న చెంచాడు చక్కెర, రెండు చిన్న చెంచాల నిమ్మరసం, నాలుగు చుక్కల బ్లీచ్ కలపండి. చక్కెర పువ్వుకు ఆహారం, పులుపు వల్ల నీరు కాడలో తేలిగ్గా పైకెక్కుతుంది, బ్లీచ్ ఆ చక్కెరకు ఆశపడే సూక్ష్మజీవుల్ని అణచిపెడుతుంది. పువ్వులతో ఇచ్చే చిన్న పొట్లంలోనూ ఈ మూడు పనులు చేసేవే ఉంటాయి. పొట్లం ఉంటే అదే వాడండి.

ప్రతి కాడనూ అడుగునుంచి అంగుళం మేర ఏటవాలుగా కోయండి. మొద్దుబారిన కత్తెరతో నలిపితే కాడ నోరు మూసుకుపోతుంది, పదునైన చాకు మేలు. కోసిన వెంటనే నీళ్లలో పెట్టాలి. నీటి మట్టానికి కింద ఒక్క ఆకు కూడా ఉండకూడదు, అది కుళ్లి నీళ్లను పాడుచేస్తుంది. ఇలా పెట్టిన బకెట్‌ను రాత్రంతా చల్లగా, చీకటిగా ఉండే చోట వదిలేయండి. గ్యారేజి మంచి చోటు, గడ్డకట్టే చలి లేనంతవరకు.

పండుగ కోసం తెచ్చిన ఆపిల్ పళ్ల బుట్ట అదే గ్యారేజిలో ఉంటే దాన్ని ఇంకెక్కడికైనా మార్చండి. పండే ఆపిల్, అరటి ఇథిలీన్ వాయువు వదులుతాయి. చామంతి దానికి పెద్దగా లొంగదు గాని, ఆల్‌స్ట్రోమేరియా, కార్నేషన్ తొందరగా వాడతాయి. బల్ల మీద పువ్వుల చుట్టూ ఆపిల్ పళ్లు పేర్చిన బొమ్మలు ముచ్చటగా ఉంటాయి. ఒక్క పూటకైతే ఫరవాలేదు, రెండు రోజుల ముందునుంచి మాత్రం కలిపి ఉంచకండి.

బుధవారం: గుమ్మడికాయ, పేర్పు

కోసిన గుమ్మడికాయ వెచ్చటి ఇంట్లో నాలుగైదు రోజులకు మించి నిలవదు. అందుకే దాన్ని బుధవారం ముందు ముట్టుకోవద్దు. కొనేటప్పుడే బల్ల మీద పెట్టి చూడండి, ఊగితే పనికిరాదు. చెక్కడానికి పనికివచ్చే పెద్ద కాయలకంటే ‘పై’ అనే తీపి వంటకానికి అమ్మే చిన్న చక్కెర గుమ్మడికాయ గట్టిగా, గుండ్రంగా ఉంటుంది.

నిండు గుమ్మడికాయ మీద ఆడవాళ్లు మొదటి కత్తి వేయకూడదని మా అత్తమ్మ పట్టింపు. ఆవిడ ఇక్కడున్న ఏడు మా ఆయనే మొదటి గాటు పెట్టి, వీరుడిలా కత్తి నా చేతికిచ్చి వెళ్లిపోయారు. తక్కిన పనంతా నాదే అయింది.

తొడిమ చుట్టూ గుండ్రంగా కోయండి. లోపల పెట్టబోయే గాజు సీసా మూతి కంటే ఆ రంధ్రం వేలెడు వెడల్పుంటే చాలు. గింజలు, పీచు గరిటెతో గీకి తీసి, పొడిగుడ్డతో లోపల తుడవండి. నీళ్లు నేరుగా కాయలో పోయకండి, రెండో రోజుకే అడుగు మెత్తబడి బల్లగుడ్డ మీదికి కారుతుంది. ఊరగాయ సీసా ఒకటి కడిగి లోపల దించి, నీళ్లు అందులో పోయండి. కాయ కింద పళ్లెమో, చిన్న చెక్కపలకో పెట్టడం మరవకండి.

ఇప్పుడు కాడలు కదలకుండా నిలబడే ఏర్పాటు కావాలి. పువ్వుల దుకాణాల్లో ఆకుపచ్చ స్పాంజి ఇటుక అమ్ముతారు. తేలిగ్గా ఉంటుంది నిజమే, అది ప్లాస్టిక్, పొడిపొడిగా రాలి మట్టిలో, నీళ్లలో చేరుతుంది. నేను మానేసి చాలా ఏళ్లయింది. దానికి బదులు కోళ్ల గూళ్లకు వాడే తీగ జాలీ జానెడు ముక్క కత్తిరించి, వదులుగా ఉండలా చుట్టి సీసా మూతిలో దూర్చండి. అది లేకపోతే పారదర్శకమైన టేపును సీసా మూతి మీద అడ్డం నిలువు అంటించి గళ్లు చేయండి. ఏ గడిలో పెట్టిన కాడ ఆ గడిలోనే నిలుస్తుంది.

పేర్చడం ఆకులతో మొదలుపెట్టండి. నీలగిరి కొమ్మలు నాలుగు దిక్కులా కాయ అంచు మీదుగా కిందికి వాలేలా, నడుమ మాత్రం ఖాళీగా. తర్వాత పెద్ద చామంతులు. మూడింటిని అంచుకు దగ్గరగా, రెండింటిని కాస్త పైకి పెట్టండి. అయిదూ ఒకే ఎత్తులో ఉంటే సైనికుల వరుసలా కనబడతాయి. పువ్వులన్నీ ఆకాశంకేసి చూడనక్కరలేదు, కొన్ని కూర్చున్న వాళ్లకేసి చూడాలి. ఖాళీల్లో ఆల్‌స్ట్రోమేరియా.

బతుకమ్మ నుంచి తెచ్చుకున్న కిటుకు ఇక్కడ పనికొస్తుంది. తాంబాలంలో పేర్చేటప్పుడు గునుగును ఒక్కొక్కటిగా పెట్టం. చిన్న కట్టలు కట్టి, తలలు బయటికి, కాడలు లోపలికి వచ్చేలా వరుస తిప్పి, నడుమ ఆకులు కూరుతాం. గుత్తి చామంతులను కూడా అలాగే మూడేసి కాడలు దారంతో కట్టి, కాడలు పొట్టిగా కోసి, కాయ అంచు వెంట వలయంగా పెట్టండి. సీసా మూతి, టేపు, జాలీ అన్నీ దాని కింద దాగిపోతాయి. తక్కువ పువ్వులతోనే నిండుదనం వస్తుంది.

ఎండు గునుగు చివర. దాని కాడలు నీళ్లలో పెడితే రెండు రోజుల్లో బూజు పడతాయి. మూడు నాలుగు తలలు కలిపి కట్టి, ఒక వెదురు పుల్ల చివరకు దారంతో బిగించి, ఆ పుల్లను గుచ్చండి. నీళ్లలోకి వెళ్లేది పుల్ల, పువ్వు పైన పొడిగా ఉంటుంది. ఇస్త్రీ చేసిన మేపుల్ ఆకులూ అంతే, వాటిని కాయ మొదట్లో బల్ల మీద పరిస్తే చాలు.

అయిపోయిందనుకున్నాక నిలబడి మెచ్చుకోకండి. ప్రతి కుర్చీలోనూ ఒకసారి కూర్చుని చూడండి. దుకాణంలో పెట్టే అమరికకు ఒకే ముందువైపు ఉంటుంది, బల్ల మీద దానికి వెనకవైపంటూ ఉండదు. నాకు ప్రతిసారీ ఒక కుర్చీ దగ్గర టేపు ముక్కో, బోడి కాడో కనబడుతుంది. అప్పుడు కొన్న వాటిలో మిగిలిన పువ్వు ఒకటి అక్కడికి వెళుతుంది. ఎదురుగా ఎవరినైనా కూర్చోబెట్టి మాట్లాడండి, వాళ్ల కళ్లు కనబడకపోతే ఎత్తైన పువ్వును తీసి కాడ కోయండి.

కత్తి జోలికి వెళ్లే ఓపిక లేకపోతే చిన్న గుమ్మడికాయలు కోయకుండానే వరుసగా పెట్టి, మధ్యమధ్య చిన్న గ్లాసుల్లో రెండేసి చామంతులు ఉంచండి. పది నిమిషాల పని, చూడ్డానికి ఏమీ తీసిపోదు.

గురువారం

పొద్దున్నే సీసాలో నీళ్లు చూడండి. చామంతులు రాత్రికి రాత్రే చాలా తాగుతాయి. సన్నటి మూతి ఉన్న చెంబుతో పోస్తే పేర్పు చెదరదు.

కొవ్వొత్తులు పెట్టే అలవాటుంటే వాటిని గాజు చిమ్నీల్లో, ఎండు గునుగుకూ ఆకులకూ దూరంగా పెట్టండి. ఎండు పువ్వులు, మైనం పూసిన ఆకులు నిప్పురవ్వ తగిలితే చాలు అంటుకుంటాయి. పిల్లలు బల్ల చుట్టూ పరుగెత్తే ఇల్లయితే బ్యాటరీ దీపాలే నయం.

శుక్రవారం

మిగిలిన పువ్వుల కాడలు మళ్లీ కోసి, సీసాలో నీళ్లు మార్చి, కిటికీ దగ్గర పెడితే చామంతులు ఇంకో వారం ఉంటాయి. కోసి పువ్వులు పెట్టిన గుమ్మడికాయను వండకండి, రెండు రోజులు వెచ్చటి గదిలో ఉన్నది ఎరువుల గుంటకే.

బల్ల మీద కోయకుండా అలంకారానికి పెట్టిన చక్కెర గుమ్మడికాయలు మాత్రం దప్పళానికి భేషుగ్గా ఉంటాయి. ఒక్క జాగ్రత్త. వాటితోపాటు బుడిపెలతో, చారలతో, మెడ వంకర తిరిగిన చిన్న అలంకారపు కాయలు కూడా అమ్ముతారు. చూడ్డానికి సొరకాయ పిల్లల్లా ఉంటాయి, కూరకు పనికొస్తాయేమో అనిపిస్తుంది. వాటిలో కుకుర్బిటసిన్ అనే చేదు విషం ఉండవచ్చు, ఉడికించినా పోదు, వాంతులు విరేచనాలు పట్టుకుంటాయి. వండిన గుమ్మడికాయ ముక్క ఏదైనా నాలుకకు చేదు తగిలితే ఉమ్మేసి, కుండ మొత్తం పారబోయండి.